వాలు మేస్త్రీ కోళ్ళు

పొద్దున ఆరింటికి ఆ ఇంటి వెనక తలుపు గడియ తీసేది మేస్త్రీ భార్య. నానబెట్టిన దాణా గిన్నె ఒక చేత్తో, నీళ్ళ చెంబు ఇంకో చేత్తో పట్టుకుని, మెట్టు మీద ఒక్క క్షణం ఆగి పెరట్లోకి దిగేది. అప్పటికే ఆరు కోళ్ళూ నిలబడి ఉండేవి. గోడ పక్కన, వరసకి మూడు చొప్పున రెండు వరసలు, రెక్కకి రెక్క ఆనించి, ఎవరో గీత గీసి అందులో సర్దినట్టు. పెరట్లో నాలుగు మంచాలు వాల్చి ఇంకా అటూ ఇటూ తిరగొచ్చు. అంత జాగా వదిలేసి అవి పీటంత చోట్లో ఇరుక్కుని నిలబడితే చూసేవాళ్ళకి ఊపిరాడేది కాదు.

"కొన్నాళ్ళు అలాగే ఉంటాయమ్మా," అని ముందే చెప్పింది అట్టపెట్టెలావిడ. "చోటు ఇస్తే తీసుకోవడం వాటికి తెలీదు. తోలొద్దు. కూర్చుని చూస్తూ ఉండు, అంతే."

ఆ అట్టపెట్టెలావిడ కోళ్ళ షెడ్ల గేటు దగ్గర ఉంటుంది. గుడ్లు తగ్గిపోయిన కోళ్ళని లారీ ఎక్కించే రోజున వచ్చి, మేనేజర్ని బతిమాలి, ఇచ్చినన్ని తీసుకుని, పెంచుకుంటామన్నవాళ్ళకి అప్పగిస్తుంది. ఆ షెడ్లలో పనిచేసే మొగుడికి మధ్యాహ్నం క్యారేజీ ఇద్దామని వెళ్ళిన మేస్త్రీ భార్య ఆవిడ కంట పడింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతుల్లో రెండు అట్టపెట్టెలున్నాయి. క్యారేజీ ఇవ్వడం మర్చిపోయింది.

కోళ్ళు చూడ్డానికి బాగుండేవని చెబితే అబద్ధం. మెడ మీద ఈక లేదు. రొమ్ము పచ్చిపుండులా ఎర్రగా ఉండేది. తల మీది తురాయి పాలిపోయి ఓ పక్కకి వేలాడేది. గోళ్ళు వంకర్లు తిరిగాయి. మట్టి మీద అడుగేస్తే కాలెత్తి, ఇదేమిటన్నట్టు చూసుకునేవి. ఆమె ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు నానబెట్టి, చిన్న కత్తెరతో గోళ్ళ కొసలు కత్తిరించింది. పొర్లుతాయని బూడిదా ఇసకా కలిపి ఒక మూల పోసింది. అవి పొర్లలేదు. ఎక్కుతాయని చీపురు కర్ర రెండు ఇటుకల మీద పెట్టింది. అవి ఎక్కలేదు. సరే, పేర్లన్నా పెడదామనుకుంది. అరచేతిలో గింజలు పోస్తే ఆఫీసులో ముద్రలు కొట్టినట్టు టక్కు టక్కున పొడిచేది గుమస్తా. ఎవరు దగ్గరకెళ్ళినా మొహం తిప్పేసుకునేది దొరసాని. నెత్తిన ఒక్క ఈకా లేనిది బోడమ్మ. మిగతా మూడింటికీ తేడా పట్టుకోవడం ఆమెకి ఇంకా చేతకాలేదు.

ఇంక గుడ్ల సంగతి. ఈ కోళ్ళు గుడ్డు పెట్టాక వెనక్కి తిరిగి చూసుకునేవి కావు. పెట్టి, ముందుకే చూస్తూ నిలబడేవి. గుడ్డు వాటి కాళ్ళ మధ్య నించి మెల్లగా కదిలేది. ఇంట్లోకి రాకుండా, గోడ వారగా సందులోకి తిరిగి, సందులో ఉన్న రెండు మెట్లూ ఎక్కి, గేటు కింద నించి రోడ్డు మీదికి వెళ్ళిపోయేది. తోసేవాళ్ళు లేరు, గాలీ లేదు. గుడ్డు మెట్లెక్కడం మాత్రం చూడబుద్ధయ్యేది కాదు. తొందరేమీ లేకుండా, దారి తెలిసినదానిలా ఎక్కేది.

వీధిలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఇస్త్రీ బండాయన బండిని ఓ జానెడు పక్కకి జరుపుకున్నాడు. పంతులమ్మ పిల్లల్ని బడికి తీసుకెళ్తూ, "ఆగండర్రా, గుడ్లు వెళ్తున్నాయి," అని చెయ్యి అడ్డం పెట్టేది. ఒకసారి సైకిలాయన ఒకదాన్ని తొక్కేసి, ఇంటికొచ్చి మరీ నొచ్చుకున్నాడు. పదయ్యేసరికి గుడ్లు షెడ్లకి చేరేవి. అక్కడ గుడ్లు మోసుకెళ్ళే బెల్టు కొసన ఎక్కి, తక్కిన వేల గుడ్లలో కలిసిపోయేవి.

"మేస్త్రీ గారూ, మీ ఇంటివాళ్ళు దయచేశారు," అని ట్రేలు సర్దేవాళ్ళు కేకేసేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. మేస్త్రీ కూడా నవ్వేవాడు. ఏం చేస్తాడు మరి.

ఆయన పని బోనులు కట్టడం. బోను అడుగు చదునుగా ఉండకూడదు. మూరకి మూడు వేళ్ళ వాలు ఉండాలి. రెండు వేళ్ళయితే గుడ్డు కోడి కాళ్ళ కిందే ఉండిపోయి మురికవుతుంది. నాలుగయితే జోరుగా పోయి కొసన కొట్టుకుని పగులుతుంది. మూడు వేళ్ళయితే, కోడి తిరిగి చూసేలోగా, అసలు తిరిగే చోటుంటే కదా, గుడ్డు మెత్తగా జారి బయటి కాలవలోకి, అక్కణ్ణించి బెల్టు మీదికి వెళ్ళిపోతుంది. ఈ మూడు వేళ్ళ కోసం కొత్తవాళ్ళు కొలబద్దలు పట్టుకుని కుస్తీ పడతారు. ఆయన అరచెయ్యి ఆనించి చెప్పేసేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అందుకే అందరూ వాలు మేస్త్రీ అనేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వంగానే ఉండేది.

షెడ్లలో వేళాకోళం సరే, ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రావడం లేదు. ఆమెకి అయిదో నెల. ఇది నాలుగోసారి. మొదటిది మూడో నెలలో పోయింది, రెండోది నాలుగులో. మూడోది అయిదులో, సరిగ్గా ఇన్ని రోజులకే. కారణం డాక్టరమ్మకి అంతుపట్టలేదు. ఈసారీ నిలవకపోతే ఇంకోసారి ఆశ పడే ఓపిక తనకి లేదని ఆమె మొగుడితో చెప్పేసింది. ఏడవకుండా, కూరగాయలు తరుగుతూ చెప్పింది. అందుకే ఆయనకి మరీ భయం వేసింది.

కోడల్ని చూసుకోవడానికని మేస్త్రీ తల్లి వచ్చి ఉంది. ఆవిడ నోరు మంచిది కాదని చుట్టాలందరికీ తెలుసు, చెయ్యి మంచిదని కూడా తెలుసు. ఒకరోజు పొద్దున కొడుక్కి కంచం పెడుతూనే మొదలెట్టింది.

"ఒరేయ్, ఆ కోళ్ళని ఇవాళే పంపించెయ్యి. కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇంట్లోంచి ఏదీ నిలవకుండా దొర్లిపోతుంటే నీకు గుండె దడగా లేదూ?"

"కోళ్ళేం చేశాయమ్మా?"

"ఆ వాలుని వెంటబెట్టుకుని వచ్చాయి. ఇంకేం చెయ్యాలి?"

"అవి వెళ్తే నేనూ వెళ్తా అత్తయ్యా," అంది కోడలు కంచంలోంచి తలెత్తకుండా. "పుట్టినప్పట్నించీ తమ గుడ్డు తాము చూసుకోలేదవి. ఒక్కసారన్నా చూసుకోనివ్వండి."

పెద్దావిడ నీళ్ళ గ్లాసు ఠకీమని కొడుకు ముందు పెట్టింది. దాని మీది మూత కింద పడి, చక్రంలా లేచి, గది దాటి గేటు దాకా వెళ్ళి పడుకుంది. ముగ్గురూ దాన్ని చూశారు. మేస్త్రీ చెయ్యి కడుక్కుని పనికి వెళ్ళిపోయాడు.

ఆదివారం సెలవు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే పనిసంచీలోంచి రసమట్టం తీసి, గది గదికీ నేల మీద పెట్టి చూశాడు. అద్దంలో నీటి బుడగ ఎక్కడ పెట్టినా నడిమధ్యలోనే నిలబడింది. ఇల్లు కట్టినవాణ్ణి మెచ్చుకోవాలి, వెంట్రుకవాసి తేడా లేదు. సందులో పెట్టి చూస్తుంటే బోడమ్మ గుడ్డు రసమట్టం పక్కనించే, దాన్ని రాసుకుంటూ, మెట్ల వైపు వెళ్ళింది. బుడగ కదల్లేదు.

"ఏవండీ," అని లోపల్నించి భార్య పిలిచింది. గొంతు చిన్నగా ఉంది.

ఆయన లేచి వెళ్ళాడు. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని రెండు చేతులతో పట్టెలు పట్టుకుని ఉంది.

"నన్నెవరో లాగుతున్నారండీ."

"ఎవరూ లేరే."

"లేరు, నాకూ తెలుసు. నడుము దగ్గర. గట్టిగా కాదు, మెల్లగానే. అటు." కాళ్ళ వైపు, వీధి గేటు వైపు గడ్డంతో చూపించింది. "ఇదివరకూ ఇలాగే ఉండేదండీ. మూడుసార్లూ. పిచ్చిదాన్నంటారని చెప్పలేదు."

మేస్త్రీ తలవైపు కూర్చుని ఆమె భుజాలు పట్టుకున్నాడు. పొద్దుగూకేదాకా వదల్లేదు. నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. వదిలితే ఆమె జారిపోతుందేమోనని ఆయన భయం. పట్టుకున్నకొద్దీ ఆమెకి ఆ లాగుడు ఎక్కువైంది. సాయంత్రానికి చీర మీద చిన్న ఎర్రటి మరక కనబడింది. డాక్టరమ్మ ఇంటికే వచ్చి సూదిమందిచ్చి, "మంచం దిగడానికి వీల్లేదు. ఇంకోసారి ఇలా అయితే నా చేతుల్లో లేదు," అని ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు సోమవారం. ఆయన షెడ్లో బోను అడుక్కి తీగ బిగిస్తుంటే కబురొచ్చింది, దీపం గది పెద్దమ్మ రమ్మంటోందని.

దీపం గది బెల్టు పక్కన ఉంటుంది. కిటికీలు లేని చిన్న గది. పెద్దమ్మ అందులో దీపం ముందు కూర్చుని, ఒక్కో గుడ్డూ వెలుగుకి అడ్డం పెట్టి, లోపల నెత్తురు చుక్క ఉందా, పెంకులో పగులుందా అని చూసి పక్కన పెడుతుంది. ఆ షెడ్లు కట్టినప్పట్నించీ ఆవిడ పని ఇదే. దీపం వెలుగు చూసి చూసి కళ్ళు పోయాయని కొందరంటారు. గుడ్డు లోపల తప్ప ఇంకెక్కడా కనబడదని ఇంకొందరంటారు.

"రా నాయనా. తలుపు వేసెయ్. నీ పెళ్ళానికి మళ్ళీ నెల తప్పిందటగా."

"అయిదో నెల పెద్దమ్మా."

"అయితే ఇప్పుడే చెప్పాలి." ఆవిడ వెనక్కి తిరిగి అలమర అడుగు అరలోంచి ఊక పోసిన చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "మీ కోళ్ళు మొన్నమొన్నొచ్చాయి. వాటి గుడ్లు రావడం నేనూ చూస్తున్నాను. కానీ మీ వీధి వైపు నించి బెల్టెక్కడం అంతకు ముందే ఉంది. మూడొచ్చాయి. ఏడాదికొకటి చొప్పున."

ఊక మధ్యలో మూడున్నాయి. బొటనవేలంత ఒకటి, దానికంటే కాస్త పెద్దది ఒకటి, గుప్పెట్లో పట్టేంత ఒకటి. పెంకు తెల్లగా లేదు, గోధుమరంగూ కాదు. మనిషి కనురెప్ప రంగులో ఉంది.

"కోడివి కావు," అంది పెద్దమ్మ. "ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి, ఇప్పటికీ. అలవాటు కొద్దీ మొదటిదాన్ని దీపం ముందు పెట్టాను. లోపలున్నది నా వైపు తిరిగింది. మిగతా రెంటినీ ఇంక దీపం ముందు పెట్టలేదు. ట్రేలో పెట్టి పంపడానికి మనసొప్పక ఉంచాను. మూడూ సోమవారం పొద్దునే వచ్చాయి నాయనా. అది నాకు బాగా గుర్తు."

మేస్త్రీ వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. ఆదివారం తనకి సెలవు. ఆదివారం తను ఇంట్లో ఉంటాడు. మూడుసార్లూ ఆమెకి నొప్పులొచ్చింది ఆదివారమే. మూడుసార్లూ తను పక్కనే ఉన్నాడు, చెయ్యి పట్టుకుని. ఆయన వంగి, తనకి తెలియకుండానే, అరచెయ్యి పెట్టె మీదికి చాపాడు. చాపగానే మూడూ కదిలాయి. ఊకలో గీతలు పడేలా జారి, ఆయన చేతికి అందకుండా అవతలి అంచున చేరి, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి నిలబడ్డాయి.

ఆయన ఇటు నించి వెళ్ళి అటు చెయ్యి పెట్టాడు. అవి మళ్ళీ ఇటు వచ్చేశాయి.

"చూశావా," అంది పెద్దమ్మ. అందులో తిట్టు లేదు. "ఆ వాలు నీ చేతికి అంటుకుపోయింది నాయనా. నువ్వున్న చోటు ఎత్తు, మిగతాదంతా పల్లం. ఇవి నా దగ్గరే ఉంటాయిలే. నువ్వు ఇంటికెళ్ళు."

ఆయన ఇంటికి బయల్దేరాడు. పని రోజున మధ్యాహ్నం ఆయన ఇంటికెళ్ళడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. గేటుకి చాలా ముందే ఆగి, పక్కింటి గోడ మీదుగా తన పెరట్లోకి చూశాడు.

చూసి, తన ఇల్లేనా అనుకున్నాడు. కోళ్ళు పెరడంతా తిరుగుతున్నాయి. బోడమ్మ బూడిదలో పక్కకి పడుకుని కాళ్ళతో మన్ను ఎగజిమ్ముకుంటోంది. దొరసాని చీపురు కర్ర మీద ఎక్కి, తూలి, మళ్ళీ ఎక్కుతోంది. గుమస్తా ఒక మూల చతికిలబడి కూర్చుని ఉంది. లేచి, వెనక్కి తిరిగి, కింద ఉన్న గుడ్డుని ఒక కంటితో చూసి, తల తిప్పి రెండో కంటితో చూసి, ముక్కుతో దాన్ని రొమ్ము కిందికి లాక్కుని మళ్ళీ కూర్చుంది. వెనక గది కిటికీ పక్కన మంచం మీద భార్య పడుకుని దాన్నే చూస్తూ నవ్వుతోంది. ఇన్ని నెలల్లో ఆ నవ్వు ఆయనకి కనబడలేదు. పక్కన తల్లి ఒళ్ళో బుట్ట, బుట్టలో గుడ్లు. ఒక్కటీ కదలడం లేదు.

ఆయన ఆశ కొద్దీ గేటు తీసి సందులోంచి నాలుగడుగులు లోపలికి వేశాడు. పెరట్లో చప్పుడాగిపోయింది. కోళ్ళు ఆరూ పరుగున గోడ పక్కకి వెళ్ళి, వరసకి మూడు చొప్పున నిలబడిపోయాయి. బుట్టలో గుడ్లు ఒక్కసారిగా అవతలి పక్కకి ఒరిగాయి. భార్య నవ్వు ఆపి మంచం పట్టెలు పట్టుకుంది.

ఆయన అక్కడే ఆగిపోయాడు. తల్లి బుట్టని కొంగు కింద దాచబోయి, ఇంక దాచి లాభం లేదని ఒళ్ళోనే ఉంచుకుంది.

"ఎన్నాళ్ళ నించమ్మా?"

"కోళ్ళు వచ్చిన నాలుగో రోజు నించి," అంది తల్లి. "నువ్వు పనికెళ్ళాక పెట్టినవి ఎక్కడివక్కడే ఉంటాయి. బియ్యం డబ్బాలో దాచాం. నువ్వొచ్చేసరికి డబ్బా మూత బిగించి దాని మీద కూర్చునేదాన్ని."

"నీకూ తెలుసా?" అన్నాడు భార్యతో.

ఆమె కళ్ళు తుడుచుకుంది. అత్తా కోడళ్ళు ఒక్క మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదలు. పాపం, ఇద్దరూ ఎవరి కోసం నిలబడ్డారో ఆయనకి ఇప్పుడే తెలిసింది.

"మరి కోళ్ళని పంపించెయ్యమన్నావేంటమ్మా? కోళ్ళనెందుకు ఆడిపోసుకున్నావు?"

తల్లి బుట్టలో ఒరిగిన గుడ్లకి చెయ్యి అడ్డం పెట్టింది. "కోళ్ళయితే పంపించొచ్చు కదరా," అంది. "నిన్నెక్కడికి పంపను?"

"మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు," అంది భార్య. "డాక్టరమ్మ మందులిచ్చింది కదా. నేను గట్టిగా పట్టుకుంటాను." అంటూనే పట్టె మీద ఆమె వేళ్ళు తెల్లబడుతున్నాయి. అంత బరువైన మంచం ఆయనకి దూరంగా, అవతలి వైపుకి ఓ అంగుళం జరిగింది. నేల మీద గీత పడింది.

మేస్త్రీ ఆ గీత చూశాడు. ఇంక అడగడానికి ఏమీ లేదు. దగ్గరకెళ్ళి ఆమె తల నిమరాలనిపించింది. నిమిరితే ఏమవుతుందో తెలుసు కనక మొహం అటు తిప్పుకోకుండానే, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గేటు దాటాడు. వీధిలోకి వచ్చాక ఇస్త్రీ బండి పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇస్త్రీ బండాయన బొగ్గుల పెట్టె పక్కన పెట్టి ఆయనకి నీళ్ళిచ్చాడు.

ఆ వీధి చివర సైకిలు షాపు మీద ఒక గది ఖాళీగా ఉంది. మేస్త్రీ అందులో దిగాడు. బోనుల పని మానేసి దాణా బస్తాలు ఎత్తే పనికి మారాడు. మానేస్తే చెయ్యి మామూలవుతుందని ఆయన ఆశ. కాలేదు. సాయంత్రాలు గది కిటికీలోంచి తన ఇంటి గేటు చూస్తూ కూర్చునేవాడు. వీధిలో నిలబడితే కూరగాయల బండాయన, "అన్నా, కాస్త దూరంగా ఉండు, టమాటాలు పోతున్నాయి," అనేవాడు. తల్లి రోజూ క్యారేజీ తెచ్చి, మెట్ల కింద పెట్టి, కింద నించే కబుర్లు చెప్పేది. ఆరో నెల నిండింది. ఏడో నెల వచ్చింది. బోడమ్మకి నెత్తిన ఈకలొస్తున్నాయి. దొరసాని తురాయి ఎర్రబడి నిలబడింది. కోడలు మంచం దిగి పెరట్లో పీట వేసుకుని కూర్చుంటోంది, కోళ్ళు వచ్చి ఆమె పొట్టకి ఆనుకుని పడుకుంటున్నాయి. లేవబోతే లేవనివ్వడం లేదు, ముక్కులతో కొంగు పట్టుకుని కూర్చోబెడుతున్నాయి. ఇవన్నీ వింటుంటే ఆయనకి సంతోషంగానూ ఉండేది, తను లేకపోతేనే అంతా బాగుంటోందే అని బాధగానూ ఉండేది.

నెలలు నిండి కాన్పయింది. ఆస్పత్రి ప్రహరీ అవతల, రోడ్డుకి ఆ పక్కన నిలబడ్డ మేస్త్రీకి నర్సు మేడ మీంచి కేకేసి చెప్పింది. "ఆడపిల్లయ్యా! ఇద్దరూ బాగున్నారు!" రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి సంతోషించారు. నిలిచింది. నాలుగోది నిలిచింది. ఆయన దణ్ణం పెట్టబోయి, తన చేతుల వంక చూసుకుని, వెనక్కి కట్టుకున్నాడు.

పాప ఇంటికొచ్చిన నెలకి, ఇంక ఫరవాలేదేమో చూద్దాం అని భార్యే కబురంపింది. పాపని ముందు వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. మేస్త్రీ గేటు దగ్గరకొచ్చాడు. గేటు మీద చెయ్యి వేశాడో లేదో, చాప పాపతో సహా లోపలికి జారడం మొదలెట్టింది. గడప అడ్డం ఉన్నా, దాన్నీ ఎక్కబోయింది. మేస్త్రీ తల్లి పరుగెత్తుకెళ్ళి చాప మీద కూర్చుంది. పాప ఏడవలేదు. కళ్ళు విప్పి ఆయన్నే చూస్తూ జారింది. ఆ చూపు తలుచుకుని ఆయన మళ్ళీ ఆ గేటు దగ్గరికి రాలేదు. నెలలు గడిచాయి. కూతురు బోర్లా పడిందనీ, కూర్చుందనీ, కింద రెండు పళ్ళొచ్చాయనీ క్యారేజీతో పాటే తెలిసేది.

పాపకి తొమ్మిదో నెలలో ఒక పొద్దున క్యారేజీ రాలేదు. భార్యే వచ్చి మెట్ల కింద నిలబడింది.

"ఒకసారి గేటు దాకా రండి."

"వద్దు. ఆ రోజు చూశావుగా."

"చూశాను కాబట్టే రమ్మంటున్నాను. అప్పుడు దానికి కాళ్ళూ చేతులూ వాడుకోవడం తెలీదు."

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఆయన వెళ్ళి గేటుకి ఇవతల, రోడ్డంచున నిలబడ్డాడు. ఆమె లోపలికెళ్ళి గేటు తలుపులు బార్లా తెరిచి, పాపని వాకిట్లో మధ్యగా కూర్చోబెట్టి, తను దూరంగా జరిగింది. కోళ్ళు పెరట్లోంచి వచ్చి సందు మొదట్లో నిలబడ్డాయి. ఈసారి వరసలు కట్టలేదు. కూయలేదు, కదల్లేదు. ఆరు కోళ్ళు పన్నెండు కళ్ళతో చూస్తూ అంత నిశ్శబ్దంగా ఉంటే వీధిలో కూడా మాటలాగిపోయాయి.

పాప ఒళ్ళోని గిలక్కాయ ముందు జారింది, ఇంటి లోపలికి. తరవాత పాప. కూర్చున్నది కూర్చున్నట్టే మూరెడు వెనక్కి జరిగింది. మొహం చిట్లించింది. రెండు అరచేతులూ నేలకి ఆనించి, మోకాళ్ళు దన్ను పెట్టి, ముందుకి పాకింది. చేతులు జారాయి. గడ్డం నేలకి కొట్టుకుంది. పాప తల్లికి ప్రాణం విలవిల్లాడింది, కదలబోయిన అత్తగారి చెయ్యి మాత్రం పట్టుకుని ఆపింది. "ఆగండి అత్తయ్యా. రానివ్వండి."

చదునైన నేల అది. వెంట్రుకవాసి తేడా లేని నేల. పాప దాని మీద గోడెక్కుతున్నట్టు ఎక్కింది. మట్టిలో వేళ్ళు గుచ్చి, ఒకటి గట్టిగా పట్టుబడ్డాకే రెండోది కదుపుతూ, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ వచ్చింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఆయన వెనక్కి తగ్గుదామనుకున్నాడు, తగ్గితే ఇంకా దూరం ఎక్కాల్సొస్తుందని తగ్గలేదు. దగ్గరకి వంగుదామనుకున్నాడు, వంగితే వాలు ఎక్కువవుతుందేమోనని వంగలేదు. కొయ్యబారి నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీంచి పడుతున్నాయి. పడిన చుక్కలు కూడా ఆయన్ని వదిలి దొర్లిపోతున్నాయి.

పాప గేటు దాటింది. ఆయన పంచె అంచు దొరికింది. దాన్ని పట్టుకుని మోకాళ్ళ మీద లేచి, పైకి చూసి, వేలాడుతున్న ఆయన చేతి చూపుడువేలిని గుప్పెట బిగించింది.

మేస్త్రీ తల్లి లోపలికెళ్ళి, బుట్టలోంచి ఒక గుడ్డు తెచ్చి, వాలు పోయిందేమో చూద్దామని, కొడుకు కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది. అది కదిలింది. మెల్లగా, అలవాటైన దారిలో, రోడ్డు పొడుగునా వెళ్ళిపోయింది.

పాప తల తిప్పి గుడ్డు మలుపు తిరిగేదాకా చూసింది. వేలు మాత్రం వదల్లేదు.

"లోపలికి రండి," అంది భార్య.